భిలాయి కింది భూమి

భూమి మొత్తం బరువులో దాదాపు మూడో వంతు ఇనుమే. అయితే మనుషులు నడిచే పై పొరలో దాని వాటా నూటికి అయిదు పాళ్ళు మాత్రమే. మిగిలినదాంట్లో అత్యధిక భాగం ఏ గనీ, ఏ బోరూ అందుకోలేని లోతులో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం పైన మిగిలిపోయిన ఆ కొద్దిపాటి ఇనుము మీదే ఆధారపడి నడుస్తోంది. భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి బజారు వైపు వెళ్ళేవారికి ఫర్నేసులు, గొట్టాలు, గూడ్సు బండ్లు కనిపిస్తాయి. ఆ బండ్లలో వచ్చే ఖనిజం, సున్నపురాయి, డోలమైట్, కోకింగ్ బొగ్గు భూమి చరిత్రలో వేరువేరు కాలాల్లో, వేరువేరు పద్ధతుల్లో పుట్టినవి. ఏది ఎలా పుట్టిందో తెలియాలంటే భూమి లోపలి నిర్మాణంతో మొదలుపెట్టాలి.

భూమి ఉపరితలం నుంచి కేంద్రం వరకు 6,371 కిలోమీటర్లు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో శాస్త్రం కోసమే తవ్విన బోరు 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆ లోతులోనే వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. అంతకంటే లోపలి సంగతులు ఎక్కువగా భూకంప తరంగాలు మోసుకొచ్చినవే. ఈ విద్యకు మన దేశంలోనే ఒక ముఖ్యమైన పునాది పడింది. 1897 జూన్ 12న అస్సాంను పెద్ద భూకంపం కుదిపేసింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. వేల కిలోమీటర్ల దూరాన యూరప్‌లోని పరికరాలు నమోదు చేసిన కంపనాల్లో మూడు రకాల తరంగాలను విడదీసి చూపించాడు. 1906లో అదే దారిలో మరింత ముందుకెళ్ళి, భూమి నడుమ వేరే స్వభావంగల కేంద్రకం ఉందని నిరూపించాడు. ఆ మూడు రకాల్లో ఒకటైన అడ్డ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. కేంద్రకం వెలుపలి భాగం ద్రవమని తేలడానికి అదే ఆధారమైంది. ఆ ద్రవం మధ్యలో మళ్ళీ ఘనమైన గోళం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ కనుక్కున్నారు.

ఈ పరిశోధనలతో భూమి లోపలి చిత్రం స్పష్టమైంది. అన్నిటికంటే పైన భూపటలం. ఖండాల కింద దాని మందం సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు, సముద్రాల కింద ఏడెనిమిది కిలోమీటర్లే. దాని అడుగు హద్దును 1909లో క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరొవిచిచ్ గుర్తించాడు. ఆ కింద 2,890 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం, అక్కడి నుంచి 5,150 కిలోమీటర్ల వరకు ద్రవ కేంద్రకం, ఆ లోపల ఘన కేంద్రకం. కేంద్రకం ముఖ్యంగా ఇనుము, కొంత నికెల్. భూమి లోపలంతా లావా సలసల కాగుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రావారం రాయే, అదీ గట్టి రాయి. కాకపోతే ఆ వేడికీ ఒత్తిడికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా జరుగుతూ ఉంటుంది. పూర్తిగా కరిగి ఉన్నది వెలుపలి కేంద్రకం ఒక్కటే. అందులో ఇనుము కదలడం వల్లనే భూమికి అయస్కాంత క్షేత్రం ఏర్పడింది.

ఇనుము ఎందుకు అడుగుకు చేరిందో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవారికి వేరే చెప్పక్కర్లేదు. కొలిమిలో కరిగిన ఇనుము బరువు కాబట్టి కిందికి దిగుతుంది, తేలికైన స్లాగ్ పైన తేలుతుంది. సుమారు 454 కోట్ల ఏళ్ళ కిందట పుట్టిన భూమి తొలి కొద్ది కోట్ల ఏళ్ళలో చాలావరకు కరిగి ఉండేది. అప్పుడే ఇనుము నడిమికి దిగిపోయి, సిలికా, మెగ్నీషియంతో కూడిన తేలిక పదార్థం పైన నిలిచింది. ప్రావారం, దాన్నుంచి పుట్టిన భూపటలం ఆ తేలిక పదార్థమే. అయితే వేరుపడడం పూర్తిగా జరగలేదు. రాళ్ళలోని ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము కొంత పైనే చిక్కుకుంది. ఆ మిగులు ఒకచోట కుప్పపడితే తప్ప గనిగా పనికిరాదు. దల్లీ రాజ్‌హరాలో అలా కుప్పపడింది.

భిలాయికి దక్షిణాన 90 కిలోమీటర్లలోపే బాలోద్ జిల్లాలో దల్లీ రాజ్‌హరా కొండలున్నాయి. ఇక్కడి నేలకు పునాది బస్తర్ క్రేటన్ అని భూవిజ్ఞానులు పిలిచే అతి పాత ఖండపు ముక్క. ఇందులో 350 కోట్ల ఏళ్ళు దాటిన గ్రానైట్ కూడా దొరికింది. భూమి లోపలి శిలాద్రవం పైకి వస్తూ లోతులోనే నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ లాంటి పెద్ద గింజల రాయి అవుతుంది. ఉపరితలం మీద త్వరగా గడ్డకడితే సన్నని గింజల లావా రాయి అవుతుంది. రెండూ అగ్ని శిలలే. పవర్ హౌస్ నుంచి నాగపూర్ వైపు రైలెక్కితే రాజనందగావ్ దాటాక డోంగర్‌గఢ్ పరిసరాల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు.

రాజ్‌హరా ఖనిజం మాత్రం అగ్ని శిల కాదు, సముద్రపు అడుగున పేరుకున్న అవక్షేపం. ఇప్పటికి 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూగా, గాలిలో ఆక్సిజన్ దాదాపు లేని రోజుల్లో, సముద్రపు నీటిలో ఇనుము విస్తారంగా కరిగి ఉండేది. సముద్రపు అడుగున పగుళ్ళలోంచి ఎగజిమ్మే వేడినీరు లావా రాళ్ళలోని ఇనుమును కడిగి తెచ్చి నీటిలో కలిపేది. ఆ నీటిలో ఎండను వాడుకుని బతికే సూక్ష్మజీవులు పుట్టి ఆక్సిజన్ వదలసాగాయి. ఆక్సిజన్ తగిలిన ఇనుము నీటిలో నిలవలేక తుప్పు రేణువులై అడుగుకు దిగింది. ఒక పొర ఇనుము, దాని మీద ఒక పొర సిలికా, మళ్ళీ ఇనుము, ఇలా ఎర్రటి చారల బండలు పేరుకున్నాయి. ప్రపంచంలో నేడు తవ్వే ఇనుప ఖనిజంలో అధిక భాగం ఇలాంటి చారల రాళ్ళదే. ఆస్ట్రేలియాలోని హామర్స్లీ కొండలైనా, బ్రెజిల్ గనులైనా, బస్తర్‌లోని బైలాడిలా అయినా పుట్టుక ఒకటే.

మొదట్లో ఆ రాతిలో ఇనుము నూటికి ముప్పై పాళ్ళ దరిదాపులే. తరువాతి యుగాల్లో రాతిలో పారిన నీరు సిలికాను కరిగించి తీసుకుపోవడంతో ఇనుము పాలు అరవైకి పైబడింది. కొలిమికి నేరుగా పనికొచ్చే హెమటైట్ అలా తయారైంది. ఊపిరి లాంటి చిన్న జీవక్రియ కోట్ల టన్నుల లోహాన్ని ఒక్కచోట కూర్చిందన్న సంగతి భూవిజ్ఞానంలోని గొప్ప కథల్లో ఒకటి. దానికి తగిన గుర్తింపు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ దక్కలేదనే చెప్పాలి.

రాజ్‌హరా కొండల సంగతి భూవిజ్ఞాని ప్రమథనాథ్ బోస్ పందొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. 1904 ప్రాంతంలో దోరాబ్జీ టాటా పంపగా అమెరికన్ భూవిజ్ఞాని సి.ఎం. వెల్డ్ వచ్చి వీటిని ఎక్కి చూశాడు. కాలు మోపితే లోహంలా మోగేంత గట్టి ఖనిజం అక్కడ ఉంది. కానీ తగిన కోకింగ్ బొగ్గు దగ్గరలో లేదు. టాటాల కర్మాగారం చివరికి జంషెడ్‌పూర్‌లో వెలిసింది. రాజ్‌హరా కొండలు మరో యాభై ఏళ్ళు ఎదురుచూశాయి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో భారత్ ఒప్పందం కుదుర్చుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రాజ్‌హరాలో మేలి ఖనిజం తరిగిపోతూండడంతో ఇప్పుడు కర్మాగారం చూపు ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండల మీద ఉంది.

బస్తర్ లాంటి పాత ముక్కలు కలిసి పెద్ద ఖండంగా ఎలా మారాయన్న ప్రశ్నకు పలకల సిద్ధాంతం జవాబు చెబుతుంది. ఖండాలు కదులుతాయని 1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ప్రతిపాదించాడు. కదిలించే బలమేదో చెప్పలేకపోయాడని చాలామంది శాస్త్రజ్ఞులు అప్పట్లో కొట్టిపారేశారు. 1960లలో సముద్రపు అడుగు వివరంగా తెలిశాక పరిస్థితి మారింది. నడి సముద్రాల్లో పొడవాటి పర్వతశ్రేణులున్నాయి. అక్కడ ప్రావారం నుంచి శిలాద్రవం పైకొచ్చి కొత్త నేలను ఏర్పరుస్తుంది. పాత నేల రెండు వైపులకూ జరిగి, కొన్నిచోట్ల మరో పలక కిందికి దూరి ప్రావారంలోకి దిగిపోతుంది. హ్యారీ హెస్ 1962లో ఈ ఆలోచనను ప్రచురించాడు. మరుసటి ఏడాది ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ సముద్రపు అడుగు రాళ్ళలో నమోదైన అయస్కాంత చారలతో దానికి రుజువు చూపారు. భూమి పై పెంకు ఏడు పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి ఉంది. భూపటలమే కాక దాని కింది ప్రావారంలోని గట్టి భాగం కూడా పలకలో చేరుతుంది.

సముద్రపు నేల బరువైన బసాల్ట్. చల్లారి బరువెక్కాక అది కిందికి దిగిపోక తప్పదు. అందుకే సముద్రాల అడుగున దాదాపు 20 కోట్ల ఏళ్ళకు మించిన రాయి దొరకదు. గ్రానైట్‌తో కూడిన ఖండాలు తేలిక కావడంతో మునగవు. ఢీకొంటాయి, నలుగుతాయి, అతుక్కుంటాయి. బస్తర్ ముక్కకు ఉత్తరాన బుందేల్‌ఖండ్ ముక్క అతుక్కుంది. ఆ అతుకు వెంబడే బాలాఘాట్ మాంగనీసు గనులున్నాయి. ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది మాంగనీసే. దక్షిణాన గోదావరి లోయకు అవతల ధార్వార్ ముక్క, అంటే తెలంగాణ, రాయలసీమల గ్రానైట్ నేల. తూర్పు అంచున తూర్పు కనుమలు.

ఈ తూర్పు అతుకు భిలాయిలోని తెలుగువారికి బాగా తెలిసిన దారిలోనే ఉంది. కర్మాగారం కట్టేటప్పుడూ ఆ తరవాతా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడ్డాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు వచ్చే రైలు మొదట తూర్పు కనుమల ఖొండలైట్ కొండల్లో నడుస్తుంది. తిత్లాగఢ్ దాటి ఖరియార్ రోడ్ వైపు వచ్చేసరికి ఆ రాళ్ళు అయిపోయి బస్తర్ క్రేటన్ మొదలవుతుంది. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట ఈ తీరానికి ఇప్పటి అంటార్కిటికా తూర్పు భాగం వచ్చి కలిసింది. అవతలి రాళ్ళు ఇవతలి రాళ్ళతో ఈనాటికీ సరిపోలుతున్నాయి. ఆ కలయికలో భూపటలం అడుగు పొరలు నలిగి, వేడెక్కి, పైకి లేచాయి.

ఖొండలైట్ రూపాంతర శిలకు చక్కని ఉదాహరణ. ఒకప్పుడు సముద్రం ఒడ్డున పేరుకున్న బంకమట్టి ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోతుకు పూడిపోయింది. అక్కడి వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళింది. అయినా అధిక భాగం కరిగి శిలాద్రవంగా మారకుండానే దానిలోని ఖనిజాలు కొత్త ఖనిజాలుగా మారాయి. మట్టిలోని అల్యూమినియం గార్నెట్, సిల్లిమనైట్ అయింది. అందులోని జీవపదార్థపు కర్బనం గ్రాఫైట్ అయింది. సింహాచలం, కైలాసగిరి, అరకు చుట్టూ ఎర్రచుక్కలతో కనిపించే రాయి ఇదే. కోణార్క్ ఆలయాన్ని కట్టింది కూడా ముఖ్యంగా ఈ రాతితోనే. ఖోండు జనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ దీనికి ఆ పేరు పెట్టాడు. బైలాడిలా ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలులో వచ్చేటప్పుడు ఈ కొండల సొరంగాలు దాటాల్సిందే. విశాఖ ఉక్కుకూ, భిలాయి ఉక్కుకూ మూలమైన ఖనిజం ఒకే బస్తర్ ముక్కలో పుట్టిందని ఆ దారి మీద ప్రయాణించేవారిలో తెలిసినవారు తక్కువ.

పవర్ హౌస్ బజారు కింద మాత్రం ఇనుమూ లేదు, ఖొండలైటూ లేదు. రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లను కలుపుతూ 30 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మైదానం ఒకనాటి లోతులేని సముద్రం. బస్తర్ క్రేటన్ కొంచెం కుంగడంతో నీరు లోపలికి వచ్చింది. మొదట ఒడ్డు ఇసుక పేరుకుని ఇసుకరాయి అయింది. తరవాత నీరు లోతెక్కి సున్నపురాయి, బంకరాయి పొరలు వంతులవారీగా దిగాయి. ఈ పొరల వయసు మీద చాలాకాలం వాదన నడిచింది. పొరల మధ్య చిక్కుకున్న అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ స్ఫటికాలను పరీక్షించాక ఇవి సుమారు 140 కోట్ల నుంచి 100 కోట్ల ఏళ్ళ మధ్యవని తేలింది. అంటే అప్పటికి చేపలు లేవు, గవ్వలు లేవు. సున్నాన్ని పట్టి పొరలుగా పేర్చినవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి కట్టిన గుండ్రని పొరల దిబ్బల్ని స్ట్రోమటోలైట్లు అంటారు. ఛత్తీస్‌గఢ్ సున్నపురాతిలో అవి స్పష్టంగా కనిపిస్తాయి. కడప, కర్నూలు ప్రాంతాల నాపరాళ్ళు, సున్నపురాళ్ళు కూడా ఇలాంటి ప్రాచీన సముద్రాలవే, కాకపోతే అది వేరే లోయ.

భిలాయికి ఉత్తరాన పాతిక కిలోమీటర్లలోపు ఉన్న నందిని గని ఈ సున్నపురాయిదే. బిలాస్‌పూర్ జిల్లా హిర్రీ నుంచి వచ్చే డోలమైట్ అదే సముద్రపు పై పొరల్లోది. కొలిమిలో సున్నపురాయి చేసే పని విలువైనది. ఖనిజంలో ఇంకా మిగిలిన సిలికాను అది తనలో కలుపుకుని స్లాగ్‌గా బయటికి తెస్తుంది. చారల రాతిలో ఇనుముతో పాటు పేరుకున్న సిలికాను, దానికి వంద కోట్ల ఏళ్ళ తరవాత మరో సముద్రంలో పేరుకున్న సున్నం ఇలా విడదీస్తోంది. ఆ స్లాగ్ పక్కనే ఉన్న జాముల్‌లో సిమెంటు అవుతుంది. నందిని పొరలు నేటికీ దాదాపు బల్లపరుపుగానే ఉన్నాయి. నూరు కోట్ల ఏళ్ళుగా కొండల్ని మడతపెట్టేంత బలమేదీ ఈ నేల నడిమికి చేరలేదన్నమాట.

బొగ్గు కథ ఇంకా దగ్గరి కాలానిది. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట భారత్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా దక్షిణ ధ్రువం చేరువలో ఉండేవి. దాన్ని మంచు కప్పి, తరవాత కరిగింది. అప్పుడు సముద్రం ఎంత లోపలికి వచ్చిందో తెలియాలంటే ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ చూడాలి. హస్‌దేవ్ నది ఒడ్డున సముద్ర జీవుల శిలాజాలు బయటపడ్డాయి. మంచు తగ్గాక మహానది, దామోదర్, గోదావరి లోయల వెంట నేల పొడవుగా కుంగి, అందులో గ్లాసోప్టెరిస్ చెట్ల అడవులు పెరిగి, కూలి, పూడి బొగ్గయ్యాయి. కోర్బా, ఝరియా, సింగరేణి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ గనులన్నీ గోండ్వానా బొగ్గే. కోర్బా బొగ్గు విద్యుత్తుకు పనికొస్తుంది గానీ కొలిమికి కావలసిన గట్టి కోక్ ఇవ్వదు. అందుకు ఝరియా బొగ్గు, ఓడల్లో వచ్చే ఆస్ట్రేలియా బొగ్గు వాడాలి. ఒకే ఖండంలో పెరిగిన అడవుల బొగ్గు నేడు సముద్రం దాటి రావలసి రావడానికి కారణం పలకల కదలికే.

గోండ్వానా చీలాక భారత పలక ఉత్తరానికి సాగింది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట అది ప్రావారంలోని వేడి కేంద్రం మీదుగా వెళ్తుండగా దక్కన్ లావా పొంగింది. ఛత్తీస్‌గఢ్ పడమటి అంచున మైకల్ కొండలు, అమర్‌కంటక్ ఆ లావా మీదివే. ఇంచుమించు ఆ రోజుల్లోనే రాయపూర్‌కు ఆగ్నేయంగా గరియాబంద్ జిల్లా బెహ్రాదీహ్ దగ్గర మరోరకం శిలాద్రవం సన్నని గొట్టంలా పైకి దూసుకొచ్చి వజ్రాలు తెచ్చింది. వజ్రం ఏర్పడాలంటే సుమారు 150 కిలోమీటర్ల లోతులోని ఒత్తిడి కావాలి. కాబట్టి ఆ గొట్టంలోని కింబర్లైట్ ప్రావారపు నమూనాను నేరుగా చేతికిస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ కింబర్లైటే ఉంది గానీ, అది దీనికంటే వంద కోట్ల ఏళ్ళకు పైగా పాతది.

సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట భారత పలక ఆసియాను ఢీకొట్టింది. హిమాలయాలు ఆ ఒత్తిడి ఫలితం. పలక ఇంకా ఆగలేదు, ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. ఆ లెక్కన 1959 తరవాత భిలాయి మూడు మీటర్లకు పైగా స్థానం మారింది. ఆ నెట్టుడు బలం పలక నడిమికి కూడా చేరుతుంది. క్రేటన్ గట్టిగా ఉండబట్టి భిలాయి ప్రాంతంలో పెద్ద భూకంపాలు అరుదు. పాత అతుకులు, పాత కుంగుడు లోయలు మాత్రం అంత గట్టివి కావు. 1969 ఏప్రిల్‌లో గోదావరి లోయలోని భద్రాచలం దగ్గర, 1997 మే 22న నర్మద వెంటనున్న జబల్‌పూర్‌లో నేల కదిలింది అందుకే.

పైన గాలి, వాన తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. లావా రాళ్ళను లక్షల ఏళ్ళు వానలు కడిగితే సిలికా పోయి అల్యూమినియం మిగిలింది. ఛత్తీస్‌గఢ్‌లోని మైన్‌పాట్ బాక్సైట్ అలా వచ్చిందే. మైదానంలో నల్లటి కన్హార్ నేల, ఎర్రటి కంకర భాఠా నేల పక్కపక్కనే ఉంటాయి. వరి కన్హార్‌లో పండుతుంది, భాఠాలో గడ్డే పెరుగుతుంది. అరిగిన మట్టిని శివనాథ్ నది మహానదికి చేరవేస్తుంది. మహానది దాన్ని ఒడిశా తీరం దాటించి బంగాళాఖాతం అడుగున పరుస్తుంది. ఆ ఇసుక, ఒండ్రు పొరలు పై బరువుకు గట్టిపడుతూ ఇప్పటికే కిలోమీటర్ల మందానికి చేరాయి.